మెరక తోలిన ఊరు

హ్యూస్టన్‌లో కాపురం ఉంటున్న తెలుగువాళ్ళ ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే ఒక వరస ప్రకారం చూపించే స్థలాలు ఉన్నాయి. మొదటి వారం పేర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి. రెండో వారం నాసా. మూడో వారం గాల్వెస్టన్ సముద్రం. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో ఉంటున్న నేను ఎన్నిసార్లు గాల్వెస్టన్‌కి కారు తోలానో లెక్కలేదు. వెళ్ళేటప్పుడు పులిహోర, పెరుగన్నం. ఒడ్డున ఫొటోలు. తిరిగి వచ్చేటప్పుడు ఇసకంతా కారులో రాలిందని మా ఆవిడ సణుగుడు. అంతకు మించి ఆ ఊరి గురించి నాకేమీ తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

2012లో మా చిన్న మేనమామ వచ్చాడు. ఆయనది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెటూరు. ఆయన్నీ మూడో వారం గాల్వెస్టన్ తీసుకెళ్ళాను. అందరూ నీళ్ళలోకి దిగారు. మావయ్య మాత్రం గోడ దిగలేదు. సముద్రాన్ని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి ఊరిని చూస్తూ కూర్చున్నాడు. ఎందుకో నాకు తెలుసు కనక నేనేమీ అనలేదు.

సాయంత్రం పాత బంగళాలున్న వీధుల్లో నడుస్తుంటే ఒక ఇంటి ముందు ఆగిపోయాడు. ఇనప కంచె ఉంది. పైన పువ్వుల అల్లిక, మంచి పనితనం. ఎత్తు మోకాలి దాకానే.

"ఒరేయ్ అబ్బాయ్, ఇంత డబ్బు పోసి మోకాలెత్తు కంచె ఎవడన్నా వేయిస్తాడా? మేకపిల్ల కూడా దూకుతుంది. ఇది పొట్టి కంచె కాదు, పూడిపోయిన కంచె. ఈ వీధికి మెరక తోలారు."

నేను ఇంజనీరుని. నవ్వి, "ఇంటి స్థలానికి మెరక తోలతారుగాని, ఊరంతటికీ ఎవరు తోలతారు మావయ్యా" అన్నాను.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తేలింది. మావయ్య చెప్పిందే నిజం. ఆ వీధికే కాదు, మొత్తం 500 బ్లాకులకి మెరక తోలారు. ఆ కథ చెబుదామనే ఈ వ్యాసం. మధ్యలో మా దివిసీమ వస్తుంది. చివర్లో నా సొంత తప్పు ఒకటి కూడా చెప్పాలి.

ఒక శనివారం

గాల్వెస్టన్ ఒక ఇసక దీవి. 1900లో అక్కడి జనాభా 38 వేలకి కొంచెం తక్కువ. టెక్సస్ పత్తి చాలావరకూ ఆ రేవు మీదుగానే ఓడలెక్కేది. టెక్సస్‌లో బాగా డబ్బున్న ఊళ్ళలో అదొకటి. అంత ఊళ్ళోనూ అన్నిటికన్నా ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 8.7 అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే నిట్టాడి ఎత్తు కూడా లేదు.

ప్రమాదం ఉందని ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. అదే తీరంలో ఇండియనోలా అని ఇంకో రేవుపట్నం ఉండేది. 1875లో ఒక హరికేన్ దాన్ని దెబ్బతీసింది. మళ్ళీ కట్టుకున్నారు. 1886లో ఇంకోటి వచ్చింది. జనం ఊరు వదిలేసి పోయారు. అది చూసి గాల్వెస్టన్ పెద్దలు సమావేశమై సముద్రానికి అడ్డంగా గోడ కట్టాలని అనుకున్నారు. అనుకోవటం వరకూ బాగానే జరిగింది. డబ్బు దగ్గర ఆగిపోయింది. 1891లో అక్కడి వాతావరణ కార్యాలయం అధికారి ఐజక్ క్లైన్ స్థానిక పత్రికలో ఒక వ్యాసం రాశాడు. టెక్సస్ తీరానికి పెద్ద తుఫాను భయం లేదనీ, గాల్వెస్టన్ మునుగుతుందనుకోవటం ఉత్త భ్రమ అనీ దాని సారాంశం. ఖర్చు తప్పించుకోవాలనుకునే వాళ్ళకి పండితుడి మాట దొరికితే ఇంకేం కావాలి? గోడ సంగతి మరుగున పడిపోయింది.

1900 సెప్టెంబరు మొదటి వారంలో క్యూబా దాటిన తుఫాను ఫ్లోరిడా వైపు తిరుగుతుందని వాషింగ్టన్ అధికారులు లెక్క వేశారు. హవానాలో బెలెన్ పరిశీలనాలయం నడిపే జెస్యూట్ ఫాదర్లు, కాదు, అది గల్ఫ్‌లోకే వెళుతోందన్నారు. క్యూబావాళ్ళు ఊరికే భయపెడతారని, వాళ్ళ తుఫాను తంతివార్తలని అమెరికా అధికారులు అప్పటికే అడ్డుకుని ఉన్నారు. అక్కడివాళ్ళకి అనుభవం ఉంటుందన్న ఆలోచన తట్టలేదు.

సెప్టెంబరు 8, శనివారం. పొద్దున్నే వీధుల్లోకి నీళ్ళు వస్తుంటే పిల్లలు ఆడుకున్నారు. సాయంత్రానికి బేలోంచీ, గల్ఫ్‌లోంచీ వచ్చిన నీళ్ళు ఊరి నడుమ కలుసుకున్నాయి. ఉప్పెన ఎత్తు 15 అడుగులు దాటింది. ఒడ్డున ఉన్న ఇళ్ళు విరిగి, ఆ దుంగలే వెనకవరస ఇళ్ళని కొట్టి పడగొట్టాయి. తెల్లారేసరికి 3,600 ఇళ్ళు లేవు. పోయిన ప్రాణాలు తక్కువలో తక్కువ ఆరు వేలు. సాధారణంగా చెప్పే లెక్క ఎనిమిది వేలు. ఐజక్ క్లైన్ భార్య కూడా అందులో ఉంది.

ఊరి పడమట ఒడ్డున సెయింట్ మేరీస్ అనాథాశ్రమం ఉండేది. అందులో సిస్టర్లు పదిమంది. బట్టలారేసే తాళ్ళతో పిల్లల్ని తమ నడుములకి కట్టుకున్నారు. తొంభై మంది పిల్లలూ, పదిమంది సిస్టర్లూ పోయారు. బతికింది ముగ్గురు పెద్ద పిల్లలు. శవాలు దొరికినప్పుడు కూడా ఆ తాళ్ళు అలాగే ఉన్నాయట.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో శనివారం

1977 నవంబరు 19 కూడా శనివారమే. నేను అప్పుడు బెజవాడలో ఇంటర్ చదువుతున్నాను. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళ పేర్లు మొదటిసారి దేశమంతా విన్నది ఆ వారంలోనే. ప్రభుత్వ లెక్కల్లో చనిపోయినవాళ్ళు దాదాపు పదివేలు. ఆ లెక్కని సీమలో నమ్మినవాళ్ళు నాకు ఇంతవరకూ కనబడలేదు.

నాలుగో రోజుకి నాన్నా నేనూ అవనిగడ్డ చేరాం. అక్కణ్ణించి నడక. మావయ్య ఒక తాడిచెట్టుని పట్టుకుని బతికాడు. మా అమ్మమ్మ, మావయ్య రెండేళ్ళ కూతురు దొరకలేదు. ఆ పాపని తువ్వాలుతో వీపుకి కట్టుకున్నాడట. ముడి ఎప్పుడు ఊడిందో తెలియదన్నాడు. ఆ మాట ఒక్కసారే అన్నాడు. తర్వాత ముప్ఫై ఐదేళ్ళలో మళ్ళీ అనలేదు.

రేడియోలో హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. ఊరికి రేడియోలు ఎన్ని? విన్నవాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? ఎత్తయిన చోటు లేదు, పక్కా భవనం లేదు. హెచ్చరిక చెవికి చేరితే చాలదు, కాళ్ళకి వెళ్ళే చోటు కూడా ఉండాలి.

అదీ కొత్తగా జరిగింది కాదు. సరిగ్గా 113 ఏళ్ళ ముందు, 1864 నవంబరు 1 రాత్రి, పక్కనే ఉన్న బందరుని ఉప్పెన ముంచేసింది. ఆ ఒక్క రాత్రి పోయినవాళ్ళు 30 వేలని చెబుతారు. డచ్చివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ పోటీపడి కోఠీలు పెట్టుకున్న రేవు అది. వ్యాపారం అప్పటికే తగ్గుముఖం పట్టింది. ఉప్పెన తర్వాత ఇక పాత కళ రాలేదు. నేను బందరు దాకా ఎన్నోసార్లు వెళ్ళాను. చిన్నప్పుడు మా బళ్ళో బందరు లడ్డూ గురించి, కలంకారీ గురించి చెప్పినవాళ్ళున్నారు. 1864 గురించి చెప్పినవాళ్ళు లేరు. ఇండియనోలాని చూసి గాల్వెస్టన్ నేర్చుకోలేదని ఇందాక ఎగతాళిగా రాశాను. మనం మాత్రం ఏం నేర్చుకున్నాం?

గోడా, మెరకా

ఉప్పెన తర్వాత గాల్వెస్టన్ ముందు రెండే దారులు. ఇండియనోలా లాగా వదిలి వెళ్ళటం, లేదా ఊరిని మార్చటం. రెండోదే ఎంచుకున్నారు.

ముగ్గురు ఇంజనీర్లతో ఒక బోర్డు వేశారు. అందులో పెద్దాయన హెన్రీ రాబర్ట్, సైన్యంలో ఇంజనీరుగా చేసి రిటైరైన జనరల్. ఈ పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలియకుండానే తెలుసు. మన తెలుగు సంఘాల జనరల్ బాడీ మీటింగుల్లో ఎవరో ఒకరు లేచి "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అంటారు చూశారా, ఆ నిబంధనల పుస్తకం 1876లో రాసింది ఈయనే. సభలో కొట్టుకోకుండా ఎలా మాట్లాడాలో చెప్పిన మనిషే సముద్రాన్ని ఎలా ఆపాలో కూడా చెప్పాడు. రెండోపని తేలికని ఆయనకి అనిపించి ఉంటే నేను ఆశ్చర్యపోను.

బోర్డు చెప్పినవి రెండు పనులు. ఒకటి, 17 అడుగుల ఎత్తున, మూడు మైళ్ళకి పైగా పొడవున కాంక్రీటు గోడ. అడుగున 16 అడుగుల మందం, సముద్రం వైపు ముఖం లోపలికి ఒంపు తిరిగి ఉండాలి, అల వచ్చి కొట్టినా పైకి లేచి వెనక్కి పడేలా. 1902 అక్టోబరులో మొదలుపెట్టి 1904 జులైకి పూర్తి చేశారు. ఇప్పుడు మనం ఫొటోలు దిగే గోడ అదే. తర్వాత్తర్వాత పొడిగించి పది మైళ్ళు దాటించారు.

రెండోది మావయ్య కనిపెట్టిన పని. గోడ ఒక్కటే కడితే లోపల ఊరు గిన్నెలా ఉంటుంది, నీళ్ళు వస్తే బయటికి పోవు. అందుకని గోడ దగ్గర ఎత్తుగా, బే వైపు వాలుగా ఊరి నేలనే లేపాలన్నారు. ఊళ్ళోనుంచే ఒక కాలవ తవ్వారు. డ్రెడ్జరు ఓడలు ఆ కాలవలోకి వచ్చి, సముద్రం అడుగునుంచి తెచ్చిన ఇసకని నీళ్ళతో కలిపి గొట్టాలతో వీధుల్లోకి పంపు చేశాయి. నీళ్ళు దిగిపోతాయి, ఇసక మిగులుతుంది. ఇలా పోసిన మెరక కోటీ అరవై లక్షల ఘనపు గజాలు. 1903లో మొదలైన పని 1911 దాకా సాగింది.

ఇసక పోసేముందు ఇళ్ళు లేపాలి కదా. కింద వరసగా జాకీలు పెట్టి, డప్పు చప్పుడికో, కేకకో అందరూ ఒక్కసారి పావుచుట్టు తిప్పేవాళ్ళు. అలా రెండు వేలకి పైగా కట్టడాలు లేపారు. సెయింట్ పాట్రిక్ చర్చి బరువు మూడు వేల టన్నులు. 700 జాకీలతో దాన్ని అయిదడుగులు లేపారు. లోపల ప్రార్థనలు ఆగలేదు. లేపలేని ఇళ్ళకి కింది అంతస్తు పూడిపోయింది. ఇనప కంచెలు మోకాలి దాకా మిగిలాయి.

ఆ ఏడెనిమిదేళ్ళూ జనం ఎలా బతికారో ఊహించుకోండి. వీధులు బురదగుంటలు. ఇంటి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి చెక్కవంతెనల మీద నడక. కంపు, దోమలు. అయినా ఊరు వదిలిపోలేదు.

డబ్బెవరిది?

నన్ను ఆపేసిన ప్రశ్న ఇది. గోడ కోసం కౌంటీ 15 లక్షల డాలర్ల బాండ్లు వేయాలనుకుంది. ప్రజల్ని ఓటు అడిగారు. దాదాపు అందరూ సరేనన్నారు. సర్వం పోగొట్టుకున్న ఆ జనమే బాండ్లు కూడా కొన్నారు. మెరకకి రాష్ట్రం తన పన్నుల్లో కొంత వదులుకుంది. ఇంటిని లేపే ఖర్చు మాత్రం ఇంటివాడిదే. పాతిక అడుగుల స్థలం ఉన్న వడ్రంగికైనా, బంగళా ఉన్న వ్యాపారికైనా అదే నియమం. పక్కవాడు లేపితే నువ్వూ లేపాలి, లేకపోతే వాడి నీళ్ళన్నీ నీ ఇంట్లోకే.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అప్పటికి వాళ్ళకి ఓటు లేదు. 1901లో ఊరి స్త్రీలు కలిసి ఆరోగ్యరక్షణ సంఘం ఒకటి పెట్టుకున్నారు. హడావిడిగా ఎక్కడబడితే అక్కడ పూడ్చిన శవాలకి సరైన ఖననం జరిపించటం వాళ్ళ మొదటి పని. తర్వాత వీధుల శుభ్రత, పాల కల్తీ మీద పడ్డారు. మెరకతో ఇంకో కష్టం వచ్చింది. ఉప్పు ఇసక కింద ఊళ్ళో చెట్టూచేమా అన్నీ చచ్చిపోయాయి. ఎడారిలా ఉన్న ఊరికి మంచి మన్ను తెప్పించి, నర్సరీ పెట్టి, వీధి వీధికీ ఓక్ చెట్లు, ఈతజాతి చెట్లు, గన్నేర్లు నాటించారు. ఔను, మన గన్నేరే. 1841లో ఒక వ్యాపారి జమైకా నుంచి తెచ్చిన కొమ్మలతో అది ఆ ఊరికి వచ్చింది. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది. ఈనాటికీ గాల్వెస్టన్‌ని గన్నేర్ల ఊరు అంటారు. ప్రతిసారీ కారులోంచి ఆ పూలు చూస్తూ, అరె మన గన్నేరు అనుకున్నానేగాని, ఎవరు నాటారని అడగలేదు.

మెచ్చుకోవలసింది చెప్పాను కనక, మెచ్చుకోకూడనిది కూడా చెప్పాలి. శవాలు ఎత్తే పనికి నల్లవాళ్ళని తుపాకీ చూపించి తోలారు. దోచుకుంటున్నారని వాళ్ళ మీదే పత్రికల్లో లేనిపోని కథలు రాశారు. ఉప్పెన తర్వాత ఊరి పాలనకి అయిదుగురు కమిషనర్ల పద్ధతి తెచ్చారు. పనులు చకచకా సాగాయి, దేశమంతా ఆ పద్ధతిని పొగిడింది. కాని వార్డుల వారీగా ఎన్నిక పోవటంతో నల్లవాళ్ళకీ, కూలిజనానికీ ఊరి సభలో చోటు పోయింది. గోడ అందరినీ కాపాడింది. గోడ గురించి మాట్లాడే హక్కు మాత్రం కొందరికే దక్కింది.

పరీక్షలు

1915 ఆగస్టులో, 1900 నాటి దానికి తీసిపోని హరికేన్ మళ్ళీ వచ్చింది. గోడ నిలబడింది. దీవిలో చనిపోయినవాళ్ళు వేలల్లో కాదు, పదుల్లో. పెట్టిన ప్రతి డాలరూ ఆ ఒక్క రాత్రి తిరిగి వచ్చింది.

అయితే గోడ అన్నిటికీ మందు కాదు. గోడ ముందు ఇసక ఒడ్డు కోసుకుపోతూ వచ్చింది. 2008 సెప్టెంబరు 13న, అది కూడా శనివారమే, ఐక్ హరికేన్ వచ్చినప్పుడు నీళ్ళు గోడ దూకి రాలేదు. చుట్టూ తిరిగి, వెనక బే వైపునుంచి ఊళ్ళోకి వచ్చాయి. ఆ ఆడవాళ్ళ తరం నాటించిన ఓక్ చెట్ల వేళ్ళలో ఉప్పునీళ్ళు నిలిచిపోయాయి. దీవి మొత్తం మీద 40 వేల చెట్లు చచ్చిపోయాయి. ఊరివాళ్ళు కొన్ని మోడుల్ని కొట్టేయకుండా బొమ్మలు చెక్కించారు. మళ్ళీ సంఘాలు పెట్టుకుని మళ్ళీ మొక్కలు నాటారు. 2000లో 57 వేలున్న జనాభా 2010కి 48 వేల లోపుకి పడిపోయింది. 2020కి మళ్ళీ 53 వేలు దాటింది.

మా సీమకీ ఒక పరీక్ష వచ్చింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే ఇంకో పెద్ద తుఫాను తీరం దాటింది. 1977 నాటి దానికి సాటి రాగలిగిందే. ఈసారి ముందుగా ఆరున్నర లక్షల మందిని తీరం నుంచి తరలించారు. 1977 తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లున్నాయి. వయర్‌లెస్ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళమంటే వెళ్ళే జనం ఉన్నారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు. కాని పదివేలు కాదు. మావయ్య ఆ రాత్రి ఊరి కుర్రాళ్ళతో కలిసి ఇల్లిల్లూ తిరిగి, రానంటున్న ముసలివాళ్ళని మోసుకెళ్ళి షెల్టరులో దింపాడట. ఇది ఆయన చెప్పలేదు, అత్తయ్య చెప్పింది.

ఆ షెల్టర్లూ, ఒడ్డున సరుగుడు తోటలూ, కరకట్టలూ వాటంతటవి రాలేదు. ఎవరో అడిగారు, తిరిగారు, పోట్లాడారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపిన మండలి వెంకట కృష్ణారావు గారు మనందరికీ భాష కోసం గుర్తు. దివిసీమవాళ్ళకి ఆయన ఉప్పెన రోజుల్లో తమ మధ్య తిరిగిన మనిషిగా గుర్తు. సొర్లగొంది పక్కన మడ అడవి ఉంది. అలని ముందు అదే ఎదుర్కొంటుంది, దాని వెనక ఊరు నిలుస్తుంది. మడ చెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వితే డబ్బొస్తుంది, నిజమే. గాల్వెస్టన్ పెద్దలు 1891లో వేసుకున్న లెక్క కూడా అదే.

నా తప్పు

2017 ఆగస్టులో హార్వీ వచ్చింది. హ్యారిస్ కౌంటీలో లక్షన్నర ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. అందులో మాదొకటి. నడుము దాకా.

ఆ ఇల్లు కొన్నప్పుడు అమ్మినవాళ్ళు "ఇది వందేళ్ళ వరద గీతకి బయట ఉంది, మీకు భయం లేదు" అన్నారు. ఇంజనీరునై ఉండి, ఆ గీతంటే ఏమిటని నేను అడగలేదు. వందేళ్ళ వరదంటే వందేళ్ళకొకసారి టంచనుగా వచ్చేది కాదు. ఏ ఏడైనా నూటికి ఒకవంతు రావటానికి అవకాశం ఉన్నది. ముప్ఫై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోపు అది వచ్చే అవకాశం నూటికి 26 పాళ్ళు. గీతకి బయట ఉన్నా, లోపలివాళ్ళకంటే కొంచెం తక్కువేగాని సున్నా కాదు. హార్వీలో మునిగిన ఇళ్ళల్లో సగానికి పైగా ఆ గీతకి బయటివే. మామూలు ఇంటి భీమా వరదకి చెల్లదన్న సంగతి చదివాను, సంతకం పెట్టాను, వరద భీమా తీసుకోలేదు.

నీళ్ళు తీశాక గోడలు నడుము దాకా కోసి పారేయటానికి ఎవరొచ్చారనుకున్నారు? మా సందులో, పదహారేళ్ళుగా చెయ్యూపటం తప్ప పేరు కూడా తెలియని పక్కింటాయన. చర్చి నుంచి పిల్లలు. మన సంఘం కుర్రాళ్ళు. గుడి నుంచి రోజూ భోజనం. మన తెలుగువాళ్ళు ఆ నెల పడ్డ శ్రమ చూస్తే గర్వంగా అనిపించింది. సాయం చేయటంలో మనం ఎప్పుడూ వెనకబడం.

సరిగ్గా ఏడాదికి, 2018 ఆగస్టు 25, అది కూడా శనివారం, కౌంటీలో ఎన్నిక పెట్టారు. వరద పనులకి 250 కోట్ల డాలర్ల బాండ్లు వేయాలా వద్దా అని. నూటికి 85 మంది దాకా వేయమన్నారు. కాని ఓటు వేయటానికి వచ్చినవాళ్ళు మొత్తం ఓటర్లలో నూటికి పదిమంది కూడా లేరు.

రాని తొంభై మందిలో నేను ఒకణ్ణి. ఆ రోజు సాయంత్రం ఒక సాంస్కృతిక కార్యక్రమం ఉంది. పొద్దున్నుంచీ స్టేజి, మైకులు, భోజనాల లెక్కలు. ఆ కార్యక్రమం ఎందుకనుకున్నారు? హార్వీ బాధితుల సహాయనిధి కోసం. పోలింగు స్థలం ఆ హాలుకి అరమైలు దూరం.

ఆ పతనం నాకు వెంటనే తెలియలేదు కూడా. మరో నెలకి మావయ్య ఫోన్ చేసి, ఇల్లు బాగుచేసుకున్నారా అని అడిగాడు. కొత్త గోడలు, కొత్త నేల, అన్నీ అయ్యాయని చెప్పాను. కౌంటీ కూడా ఏదో పెద్ద పథకం వేస్తోందని, జనం డబ్బు ఒప్పుకున్నారని చెప్పాను.

"మంచిదే. నువ్వేం చేశావు?" అన్నాడు.

ఆయన ఎత్తిపొడవలేదు. ఊరందరూ మెరక తోలుకుంటుంటే నీ వంతు ఎన్ని ట్రాక్టర్లని అడిగినట్టు మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నాలుగు దశాబ్దాలుగా ఈ దేశంలో ఉంటూ కూడా మనలో చాలామందికి లోపల ఒక అతిథి కూర్చుని ఉంటాడు. పన్ను కడతాం, పిల్లల్ని చదివిస్తాం, ఆపద వస్తే చెక్కు రాస్తాం. వరద కాలవ ఎక్కడ తవ్వాలి, ఏ పొలం మీద ఇళ్ళు కట్టకూడదు అనే మాటలు మాత్రం ఇక్కడివాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. అక్కడ ఊళ్ళో ఏమన్నా జరిగితే, మేం దూరంగా ఉన్నాం కదా అంటాం. రెండు చోట్లా మనం చుట్టాలమే. నీళ్ళకి మాత్రం చుట్టాలూ, ఇంటివాళ్ళూ అన్న తేడా లేదు.

ఇప్పుడు హ్యూస్టన్, గాల్వెస్టన్‌ల కోసం బే ముఖద్వారంలో పెద్ద తలుపులు కట్టాలన్న పథకం ఉంది. ఐక్ తర్వాత గాల్వెస్టన్‌లోని ఒక ప్రొఫెసరు, బిల్ మెరెల్, మొదట దీన్ని ప్రతిపాదించాడు. 2022 చివర్లో కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. వేల కోట్ల డాలర్ల పని. 1886కీ 1902కీ మధ్య పోయిన పదహారేళ్ళు గుర్తున్నవాళ్ళకి, కాగితం మీద అనుమతికీ నేల మీద గోడకీ మధ్య ఎంత దూరమో తెలుసు.

ఆ ఫోను తర్వాత మా కౌంటీ వరద శాఖ మా వాగు మీద పెట్టిన సమావేశాలకి వెళ్ళటం మొదలుపెట్టాను. మొదటిదానికి ఇరవై మంది వచ్చారు, అందులో మనవాళ్ళం ఇద్దరం. నకాషాలో మా వీధి చూపించి, వర్షపు నీళ్ళు ఎటునుంచి ఎటు వచ్చాయో చెప్పాను. ఒకావిడ రాసుకుంది. అంతే, పెద్ద ఘనకార్యమేమీ కాదు. కిందటిసారికి మనవాళ్ళం తొమ్మిదిమందిమి అయ్యాం. మీటింగులో ఒకాయన లేచి "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అంటే మేమంతా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

చుట్టాలొస్తే ఇప్పటికీ మూడో వారం గాల్వెస్టనే. కాకపోతే బీచికి వెళ్ళేముందు ఆ పాత వీధిలో కారు ఆపి, మోకాలెత్తు కంచె దగ్గర నిలబెడతాను. ఇది పొట్టిగా ఎందుకుందో చెప్పండి అంటాను. సిటీల నుంచి వచ్చినవాళ్ళు రకరకాల జవాబులు చెబుతారు. కృష్ణా, గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఒక్క నిమిషం చూసి, "మెరక తోలారు" అంటారు.